మిగిలిపోయిన ఏడు క్విల్ట్ బ్లాకులతో ఏం చేయొచ్చు?

పెద్ద బొంత పూర్తయ్యాక ఏడు బ్లాకులు (గుడ్డ ముక్కలు అతికి కుట్టిన చదరాలు) మిగిలాయి, నాలుగు సరిగ్గా 12.5 ఇంచీలు, మూడు కాస్త చిన్నవి, ఈ చెన్నై ఉక్కలో ఇంకో బొంత కుట్టి ఎవరికి కప్పను అని అడిగారు. బొంత వద్దు, నిజమే. మీ ఏడింటితో రెండు కుషన్ కవర్లు, ఒక కూరల సంచి, ఒక టేబుల్ రన్నర్ (బల్ల నడుమ పరిచే పొడుగు గుడ్డ) వస్తాయి. సరి కొలత ఉన్నవాటిలో మూడు రన్నర్‌కి తీసి పక్కన పెట్టేయండి. దానికి కొలత తేడా ఉంటే కుదరదు. మిగతా వాటికి పరవాలేదు.

కత్తెర పట్టే ముందు రెండు పనులున్నాయి. మొదటిది రంగు పరీక్ష. బ్లాకులో కలంకారీగానీ ముదురు ఎరుపు, నీలం గుడ్డగానీ ఉంటే తడిపిన తెల్ల గుడ్డ దాని మీద వేసి వేడి ఇస్త్రీ పెట్టె నొక్కి చూడండి. తెల్ల గుడ్డకి రంగు అంటిందంటే ఆ బ్లాకు ఉతికే వస్తువులోకి వెళ్లకూడదు. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని అందరూ చెబుతారు. గుడ్డకి రంగు అద్దేటప్పుడు ఉప్పు పని చేస్తుంది, అద్దేసిన గుడ్డలో రంగును మాత్రం అది పట్టి ఉంచదు. మద్రాసు చెక్స్‌కి ఒకప్పుడు రంగు దిగడమే గొప్పగా చెప్పి అమెరికాలో అమ్మారు గానీ, మన సోఫా మీద ఆ గొప్ప అక్కర్లేదు.

రెండోది కొలత. ఇస్త్రీ చేసి రెండు అంచుల దగ్గరా, నడుమా కొలవండి. నడుమ 12, అంచు 12.25 వస్తే ఆ అంచు క్రాస్‌లో (గుడ్డకి ఐమూలగా) పడి సాగిందని అర్థం. చిన్న బ్లాకుకి సరిపోయేలా పెద్దవాటిని కోసేద్దామని మాత్రం అనుకోకండి. నక్షత్రం డిజైన్ అయితే మొనల బయట ఉన్న పావు ఇంచీ కుట్టుకి కావాలి, అది కోసేస్తే మొనలు కుట్టులోకి వెళ్లి మొద్దుబారతాయి. కోయకుండా చుట్టూ పట్టీ వేసి, ఆ పట్టీని కోసి కొలత సరిచేయాలి. 2.5 ఇంచీల వెడల్పు పట్టీలు నాలుగు వైపులా పావు ఇంచీ కుట్టుతో వేస్తే 12.5 బ్లాకు 16.5 అవుతుంది, 12 ఉన్నది 16 అవుతుంది. అన్నిటినీ 16కి కోసేయండి. బ్లాకు అర ఇంచీ తక్కువున్నా ఎవరికీ తెలియదు.

పట్టీని గుడ్డ పడుగు వైపు నిలువుగా తీయండి, పేక వైపు తీస్తే సాగుతుంది. పొడుగు పట్టీ కుట్టుకుంటూ పోయి చివర్లో మిగిలింది కత్తిరించడం చాలామంది చేసే పని. అంచు అలల్లా లేచేది దానివల్లే. బ్లాకు నడుమ కొలత ఎంతో అంతే పొడవు పట్టీ కోసి, రెండు చివరలూ, మధ్యా గుండుసూదులు పెట్టి, ఎక్కువున్న గుడ్డని సర్దుతూ కుట్టండి.

ఇక కుషన్ కవర్. 16 ఇంచీల ముక్క కుట్టాక 15.5 అవుతుంది, అందులోకి బజారులో దొరికే 16 ఇంచీల కుషన్ బిగువుగా కూర్చుంటుంది. కవర్‌ని సరిగ్గా 16 చేస్తే నాలుగు రోజులకే వదులై ముడతలు పడుతుంది. బ్లాకు వెనక కుట్ల అంచులన్నీ మడవకుండా వదిలేసి ఉంటాయి కాబట్టి పాత నూలు పంచె ముక్క ఒకటి లైనింగ్‌గా వేసి పావు ఇంచీలో చుట్టూ టాకా వేసుకోండి. ఇది మానేస్తే ఉతికిన ప్రతిసారీ లోపల దారాలు ఊడి, చివరికి అతుకే విడిపోతుంది. వెనక వైపుకి 16 వెడల్పు, 11.5 ఎత్తు ముక్కలు రెండు. ఒక్కోదాని పొడుగు అంచు అర ఇంచీ చొప్పున రెండు మడతలు మడిచి కుడితే 10.5 మిగులుతుంది, రెండూ ఒకదాని మీద ఒకటి 5 ఇంచీలు ఎక్కుతాయి. జిప్పు అక్కర్లేదు. ఎక్కింపు 3 ఇంచీలకి తగ్గితే మాత్రం కుషన్ నోరు తెరుస్తుంది. మూలలు కొమ్ముల్లా పొడుచుకు రాకుండా, మూలకి 4 ఇంచీల ముందు నుంచే కుట్టుని లోపలికి వాల్చుకుంటూ వచ్చి మూల దగ్గర అర ఇంచీ లోపల తిప్పండి.

సంచికి ఇదే 16 ఇంచీల ముక్కలు రెండు తీసుకుని, అడుగున 3 ఇంచీల పట్టీ కలిపితే 18.5 ఎత్తు వస్తుంది. కింది మూలల్లో 2 ఇంచీల చదరాలు కోసేసి, పక్కలూ అడుగూ అర ఇంచీలో కుట్టి, ఆ కోసిన మూలల్ని అడ్డంగా కలిపి కుడితే 3 ఇంచీల లోతు వస్తుంది. లైనింగ్‌కి బకరం (బిగువు కోసం వేసే గట్టి గుడ్డ) వేయకండి, రెండు ఉతుకులకి మెత్తబడిపోతుంది. పాత జీన్స్ గుడ్డ మేలు. పిడికి 4 ఇంచీల వెడల్పు, 24 ఇంచీల పొడవు పట్టీ, నాలుగు మడతల్లో 1 ఇంచీ అవుతుంది. సంచి ఎప్పుడూ పిడి అతుకు దగ్గరే తెగుతుంది కాబట్టి పిడి చివర 1.5 ఇంచీలు లోపలికి పోనిచ్చి, చదరం కుట్టి, దాని మధ్య ఇంటూ గుర్తులా కుట్టండి. సూది 16 నంబరు పెట్టండి, 11 నంబరు ఈ మందానికి విరుగుతుంది. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ఎంత మందమైనా వాడి పారేసే ప్లాస్టిక్ సంచులు నిషేధం, 2021 డిసెంబరులో ప్రభుత్వమే మంజప్పై (పసుపు గుడ్డ సంచి) మళ్లీ పట్టుకోమంది. కోయంబేడు కూరల మార్కెట్‌కి మీ అతుకుల సంచి తీసుకెళ్తే తప్పేముంది!

రన్నర్‌లో మూడు బ్లాకుల్నీ మూల మీద నిలబెట్టి వరసగా పేర్చండి. 12.5 బ్లాకు కుట్టాక 12 అవుతుంది, ఐమూలగా 17 వస్తుంది, మూడింటికి 51. సందుల్లోకి 18.25 చదరం ఒకటి రెండు ఐమూలలా కోస్తే నాలుగు త్రికోణాలు. చివరి మూలలకి 9.5 చదరాలు రెండు, ఒక్కోదాన్ని ఒకే ఐమూల మీద కోస్తే మరో నాలుగు. ఇలా కోస్తేనే రన్నర్ బయటి అంచు పడుగు, పేకల వెంట పడి సాగకుండా ఉంటుంది. 44 ఇంచీల పన్నాలో అర మీటరు గుడ్డ వీటికి సరిపోతుంది, కానీ నిలువున పెద్దగా మిగలదు, ముందే ఉతికి కుదించే గుడ్డైతే 60 సెంటీమీటర్లు తీసుకోండి. అంచుకి పన్నా అంత పొడవున్న 2.25 ఇంచీల వెడల్పు పట్టీలు నాలుగు చాలు. మధ్య పొరకి (దీన్ని బ్యాటింగ్ అంటారు, దుకాణంలో అలా అడిగితే క్రికెట్ కిట్ చూపించినా చూపిస్తారు) పాత నూలు చీర రెండు మడతలు వేయండి. పాలిస్టర్ పొర కంటే పల్చగా ఉంటుంది. దీన్నే బొమ్మల కొలువు మెట్టు మీద వేయాలనుకుంటే మధ్య పొర అసలు వద్దు, మెత్తటి దాని మీద మట్టి బొమ్మ నిలవదు.

సంచి వెనక వైపు సాదా గుడ్డ వేస్తే ఒక బ్లాకు మిగులుతుంది. దాన్ని నాలుగు ముక్కలు చేసి మసిగుడ్డలు కుట్టుకోండి. కోయబోయే గీతకి రెండు పక్కలా ఓ నూలు (ఇంచీలో ఎనిమిదో వంతు) దూరంలో ముందే కుట్టు వేశాకే కోయాలి, లేదంటే అతుకులన్నీ ఊడతాయి. 6.25 ఇంచీల ముక్కకి 1.5 పట్టీ చుట్టూ వేస్తే 8.25 అవుతుంది. లోపల పాత టవల్ రెండు పొరలు. గుడ్డ, పొర, దారం మూడూ నూలే కావాలి, పాలిస్టర్ బాగా కాలిన పెనానికి కరిగి అంటుకుంటుంది. తడి మసిగుడ్డతో గిన్నె దించొద్దు, నీళ్లు వేడిని నేరుగా చేతికి చేరుస్తాయి. గోడ మేకుకి తగిలించే ఉంగరం 4 ఇంచీల పట్టీతో చేసి, అంచు పట్టీ వేసేటప్పుడే మూలలో ఇరికించేయండి. తర్వాత కుడదామంటే ఆ మందంలో సూది దిగదు.