వాన గీతలు

చిరంజీవికి ఆశీస్సులు.

జపాన్ పాత ఛాయాచిత్రాల గురించి నువ్వు రాసిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. వాక్యం నీకు చక్కగా వశమైంది. అయితే గాలివానలో గొడుగు పట్టుకున్న అమ్మాయి ఫొటో దగ్గర "ఆనాటి వీధి మన కళ్లెదుట నిలిచింది" అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. అది వీధి కాదు, యొకొహామా రేవు పట్నంలో ఫొటోగ్రాఫర్ కుసకాబె కింబెయి నడిపిన స్టూడియో. ఆ రోజుల్లో ప్లేటు మీద బొమ్మ పడేదాకా మనిషి కదలకుండా నిలబడాలి గనుక, గాలికి ఎగిరినట్టు కనిపించే కిమోనో అంచును తీగలతో లాగి కట్టారు. వాన మాత్రం నెగెటివ్ మీద గీరిన గీతలే.

ఇది తెలిసి నీ మనసు ఆ ఫొటో మీద విరిగిపోకూడదనే ఈ ఉత్తరం. 1857లో చెక్క అచ్చు బొమ్మల చిత్రకారుడు హిరోషిగే వంతెన మీద కురిసే జడివానను బొమ్మగా వేసినప్పుడు, పలక చెక్కే పనివాడు వెంట్రుకంత సన్నని గీతలను మిగిల్చి, వాటి చుట్టూ ఉన్న చెక్కనంతా తొలిచేశాడు; అచ్చు తీసేవాడు ఆ పలకకు రంగు పూసి, పైన కాగితం పరిచి, చేత్తో రుద్దే బిళ్ల బారెన్‌తో రుద్దాడు; ఖర్చు పెట్టి అమ్మినవాడు ఇంకొకడు. వానను గీతగా చూసే ఆ కన్నే తర్వాత స్టూడియోలోకి వచ్చిందని నా నమ్మకం. 1863లో యొకొహామా చేరిన ఫొటోగ్రాఫర్ బియాటో దగ్గర ఫొటోలకు రంగులు అద్దుతూ పని నేర్చుకున్నవాడే ఈ కింబెయి.

కొనేవాళ్లను కూడా మరిచిపోకు. లక్క అట్టల ఆల్బమ్‌లలో ఈ బొమ్మలను ఎక్కువగా తమ దేశాలకు తీసుకెళ్లినవాళ్లు విదేశీ యాత్రికులు, వాళ్లకు కావలసింది కనుమరుగవుతున్న జపాన్. 1876లో, సమురాయ్ యోధుల గుర్తుగా ఉన్న కత్తిని ధరించి తిరగడాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఆ తర్వాత కూడా స్టూడియోలలో కవచం తొడిగిన సమురాయ్‌లు నిలబడుతూనే ఉన్నారు, వాళ్లలో చాలామంది కూలికి వచ్చిన మోడళ్లు. అందుకే సమురాయ్ ఫొటో కనిపించగానే ముందు సంవత్సరం వెతుకు.

నీ మూడో పేరాలో "అద్భుతం", "సజీవం" అన్న మాటలు కొట్టేయి. ఆ చోట తీగ గురించి, అది బిగిసినంతసేపూ ఊపిరి బిగబట్టి నిలబడ్డ అమ్మాయి పాదాల గురించి రాయి. తిరగరాసిన ఆ పేరాను ముందుగా నాకు పంపు. మిగతా వ్యాసం తర్వాత చూద్దాం.