యెరూషలేములో ఒక రోజు ఖాళీ దొరికితే పాత నిబంధన చోట్లకు గైడ్ అవసరమా?

గ్రూపు టూర్‌లో ఒక రోజు ఖాళీ వచ్చిందని, గైడ్‌కు డబ్బు పెట్టడం దండగేమోనని, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు తిరగగలరా అని అడిగారు. గైడ్‌ను పెట్టుకోండి. అయితే తవ్వకాల సంగతి తెలిసినవాణ్ణి చూసుకోండి. మన చర్చి టూర్లు బేత్లెహేము, గెత్సేమనే తిప్పి, పడమటి గోడ దగ్గర ఫొటోలు దింపి బస్సెక్కిస్తాయి. మేము ఇంటివాళ్లం విడిగా తిరిగిన ఆ ఒక్క రోజే నాకు ఎక్కువ గుర్తుంది.

పొద్దున్నే దావీదు పురానికి వెళ్లండి. పాత నగరం గోడల బయట, దక్షిణాన ఉంటుంది. అష్షూరు రాజు సన్హెరీబు మీదికొస్తున్నాడని యూదా రాజు హిజ్కియా గిహోను ఊట నీళ్లను ఊళ్లోకి మళ్లించిన సొరంగం అక్కడే ఉంది. 533 మీటర్లు, అంతా రాతిలో తొలిచిందే. 2 రాజులు 20:20 దాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది! లోపల కటిక చీకటి, మొదట్లో నీళ్లు తొడల దాకా వస్తాయి. టార్చి, తడిసినా జారని చెప్పులు ఉండాలి. రెండు వైపుల నుంచీ తవ్వుకొచ్చినవాళ్లు కలిసిన చోట గైడ్ మమ్మల్ని ఆపి గోడ మీద టార్చి వేశాడు. అప్పటిదాకా ఒక దిక్కుకు వాలిన ఉలి గాట్లు అక్కణ్ణుంచి ఎదురు దిక్కుకు తిరిగాయి. చెప్పేవాడు లేకపోతే నేరుగా దాటిపోతాం. ఆ కలయికను వర్ణించే శాసనం 1880లో ఆ సొరంగంలోనే దొరికింది, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది.

అమ్మగారికి ఈ నీళ్ల దారి వద్దు. పక్కన పొడి సొరంగం ఉంది కానీ అక్కడికీ మెట్లు బాగా దిగాలి. దానికన్నా యూదుల పేటలో వెడల్పు గోడ చూపించండి. వీధిలో నిలబడే చూడొచ్చు, టికెట్ లేదు. ఇదీ హిజ్కియా కాలానిదే, మందం 7 మీటర్లు. గోడ గట్టి చేయడానికి ఇళ్లు పడగొట్టారని యెషయా 22:10లో ఉంది కదా, ఆ గోడ కింద ఇళ్ల పునాదులు కనిపిస్తాయి. గైడ్ మా మామయ్య చేత ఆ వచనం తెలుగులోనే చదివించాడు. పక్క గ్రూపువాళ్లు కూడా ఆగి విన్నారు.

మధ్యాహ్నం దేవాలయపు కొండ దక్షిణపు మెట్లు, క్రీ.శ. 70లో రోమన్లు దేవాలయాన్ని కూల్చినప్పుడు వీధిలో పడ్డ రాళ్లు చూడండి. అవి ఇంకా గుట్టగా అక్కడే ఉన్నాయి.

గైడ్ చెప్పిందల్లా నమ్మేయకండి. దావీదు పురంలోని శిథిలాలు చూపించి "ఇది దావీదు రాజభవనం" అని ఢంకా బజాయించి చెబుతారు, పురావస్తు పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. పైగా ఆ చోటు ఉన్నది సిల్వాన్ అనే పాలస్తీనీయుల పేటలో. ఇళ్ల కింద తవ్వుతున్నారని అక్కడివాళ్ల గోడు. మా గైడ్ మేం అడిగితే గానీ ఆ మాట ఎత్తలేదు.

శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం సాయంత్రం దాకా యూదుల విశ్రాంతి దినం సబ్బాతు, ఆ రోజులు పెట్టుకోకండి. పడమటి గోడ సొరంగాలు కూడా చూడాలనుకుంటే టికెట్ ఇక్కడి నుంచే తీసుకుని వెళ్లండి.