ట్రస్టు ఇంటిని నమ్ముకుని అప్పు చేయవచ్చా?

గుంటూరుకు చెందిన పాఠకురాలి ప్రశ్న: మామగారు ఏర్పాటు చేసిన కుటుంబ ట్రస్టు పేరిట ఇల్లు ఉంది. ఆయన, నా భర్త ట్రస్టీలు (ట్రస్టు ఆస్తిని చూసుకునేవారు). నేను, మా బాబు లబ్ధిదారులం. విడాకుల కేసు ఫ్యామిలీ కోర్టులో నడుస్తోంది. ఇంటిలో నా వాటా అక్కడే తేలుతుంది కనుక, లాయరు ఫీజుకు, అద్దె ఇంటి అడ్వాన్సుకు 8 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? జీతం 38,000, పొదుపు 60,000.

జవాబు: తీసుకోవద్దు. రాని ఆస్తిని లెక్కలో వేసుకుని అప్పు చేయడం ఇలాంటి కేసుల్లో తరచూ జరిగే పొరపాటు. 14 శాతం వడ్డీకి అయిదేళ్ల గడువు పెట్టుకున్నా నెలకు దాదాపు 18,600 కట్టాలి; అంటే మీ జీతంలో సగం.

1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 7వ సెక్షన్ ప్రకారం భార్యాభర్తల ఆస్తిపై వారిద్దరి మధ్య వచ్చే దావాను ఆ కోర్టు విచారించగలదు. అయితే ట్రస్టు ఇల్లు మీ ఇద్దరిదీ కాదు, ట్రస్టీల అధీనంలో ఉన్నది. వారిలో మీ మామగారు ఈ వివాహ వివాదానికి బయటి వ్యక్తి కాబట్టి, దావా సివిల్ కోర్టులో వేయాల్సిందన్న అభ్యంతరం వారి వైపు నుంచి దాదాపు తప్పదు. పైగా ఎవరికెంత ఇవ్వాలన్నది ట్రస్టు డీడ్ (ట్రస్టును ఏర్పాటు చేసిన పత్రం) ట్రస్టీల ఇష్టానికి వదిలేసి ఉంటే, మీకు ఇంత అని లెక్కకట్టగల వాటాయే ఉండదు. ఇవన్నీ తేలేవరకు ఈఎంఐ ఆగదు.

మీకు ముందు కావలసింది అత్యవసర నిధి. అందరికీ చెప్పే ఆరు నెలల ఖర్చు కోర్టు కేసు నడుస్తున్నవారికి చాలదు. కనీసం పది నెలల ఖర్చు, మీ ఒక్కరి పేరిటే ఉన్న ఖాతాలో ఉండాలి. ఉన్న 60,000తోనే మొదలుపెట్టండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకుంటే ఫీజు కోసం అప్పు చేసే అవసరమే ఉండదు. హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం (కేసు తేలేవరకు భర్త ఇవ్వాల్సిన ఖర్చులు) కోరండి. నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టమే చెబుతోంది. వచ్చిన భరణంలో అద్దె పోగా మిగిలినది ఆ నిధిలోకే వెళ్లాలి. బంగారు రుణం మాట కూడా తలపెట్టవద్దు. భర్త ఆఫీసు ఆరోగ్య బీమాలో ఉన్నట్లయితే, విడాకులు రాకముందే మీకూ బాబుకూ సొంత పాలసీ తీసుకోండి.

భారతీయ ట్రస్టుల చట్టం 57వ సెక్షన్ ప్రకారం డీడ్‌ను, ట్రస్టు లెక్కలను చూసి నకళ్లు తీసుకునే హక్కు లబ్ధిదారుగా మీకుంది. ట్రస్టీలను రాతపూర్వకంగా అడగండి. న్యాయవాది ఆ డీడ్ చదివాకే ఇంటిపై దావా వేయాలా, ఏ కోర్టులో వేయాలి అన్నది నిర్ణయించుకోండి.