నల్లగొండలో ఉండి, ఇంగ్లీషు యాప్‌లతోనే జపనీస్ నేర్చుకోవచ్చా?

నల్లగొండలో జపనీస్ చెప్పేవారు దొరకడం లేదని, ఫోన్‌లో ఉన్న యాప్‌లు చాలావరకు ఇంగ్లీషు వాళ్ల కోసం చేసినవేనని, వాటితో జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీలో తొలి మెట్టు అయిన ఎన్5 దాకా వెళ్లగలనా అని అడిగారు. మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం చేసుకుంటూ అదే పద్ధతిలో చదివిన వాడిగా చెబుతున్నాను: వెళ్లగలరు, కాకపోతే ఆ యాప్‌ల నుంచి జపనీస్‌ను తీసుకొని, అర్థం మాత్రం తెలుగులో పెట్టుకోవాలి.

జపనీస్‌లో పలుకును బట్టి రాసే లిపులు హిరగానా, కతకానా రెండింటిలోనూ మూలాక్షరాలు 46 చొప్పున ఉంటాయి. వాటి వరకు డ్యుయోలింగో యాప్ చాలు. జపనీస్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునే అలవాటు వద్దు, అందులో దీర్ఘాలు సరిగా తెలియవు. 'ఒబసన్' అంటే అత్త, పిన్ని వరస. 'ఒబాసన్' అంటే అమ్మమ్మ, నానమ్మ. ఇంగ్లీషు వాళ్లు ఎంతో సాధన చేస్తే గాని పట్టుబడని ఈ తేడా, దీర్ఘాలు పలుకుతూ పెరిగిన మనకు చెవిన పడగానే తెలిసిపోతుంది.

వ్యాకరణంలో ఈ లాభం ఇంకా ఎక్కువ. 'తోక్యో కర కిమషిత' అన్న వాక్యాన్ని 'టోక్యో నుంచి వచ్చాను' అని ఉన్నది ఉన్నట్టు మార్చుకోవచ్చు. క్రియ చివరికి ఎందుకు వచ్చిందో ఇంగ్లీషులో పేజీల కొద్దీ చెప్పే పాఠాన్ని నేనైతే దాటేశాను. మాట్లాడే విషయాన్ని చూపే 'వ', కర్తను చూపే 'గ' అనే ప్రత్యయాల దగ్గర మాత్రం తెలుగు ఆదుకోదు. అక్కడ టే కిమ్ రాసిన ఉచిత వ్యాకరణాన్ని ఓపికగా చదవవలసిందే.

నాకు అన్నిటికన్నా అక్కరకు వచ్చింది ఆంకీ. మరిచిన కార్డును త్వరగా, గుర్తున్న దాన్ని ఆలస్యంగా చూపే ఈ యాప్ ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌లో కొనాలి. అందులో దొరికే తయారు కార్డులు ఇంగ్లీషువి కాబట్టి, ఒకవైపు జపనీస్ వాక్యం, రెండోవైపు తెలుగు వాక్యం పెట్టి నావి నేనే చేసుకున్నాను. నెట్ లేకున్నా పనిచేస్తుంది, జడ్చర్ల బస్సులో నిలబడి కూడా చదువుకోవచ్చు. వినడానికి, జపాన్ ప్రభుత్వ సాంస్కృతిక సంస్థ అయిన జపాన్ ఫౌండేషన్ వారి ఇరొదొరి పాఠాలు ఆడియోతో సహా ఉచితంగా దొరుకుతాయి.

చైనా నుంచి వచ్చిన అక్షరాలైన కంజీలో మనకు ఏ వెసులుబాటూ లేదు. జపాన్ ప్రభుత్వ నిత్యవాడుక పట్టికలోనే 2136 ఉన్నాయి. కంజీ నేర్పే వనికని వెబ్‌సైట్‌లో మొదటి మూడు స్థాయిలు ఉచితం, అవి పూర్తయ్యాకే డబ్బు సంగతి ఆలోచించండి. జేఎల్‌పీటీలో చేతితో రాసేది గాని, మాట్లాడేది గాని ఉండదు కనుక, ఎన్5కు కంజీని చూసి గుర్తుపట్టగలిగితే సరిపోతుంది.