ఎన్నారై సందేహాలు: చేతిలో నాలుగు పనులున్నాయి, అమెరికాలో ఫ్రీలాన్స్ ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: హెచ్-4 మీద డల్లాస్ వచ్చి ఆరు నెలలైంది. విజయవాడలో ఉండగా ఫొటోలు తీసేదాన్ని, శుభలేఖలు డిజైన్ చేసేదాన్ని, కొంత డబ్బింగ్ చెప్పాను, ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు కూడా రాయగలను. ఏదో ఒకటే పట్టుకోమంటున్నారు అందరూ. నాలుగూ చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు. అయితే కెమెరా బ్యాగు తెరిచే ముందు ఒకటి తేలాలి. మీ దగ్గర ఈఏడీ కార్డు, అంటే అమెరికాలో పని చేసుకునే అనుమతి కార్డు ఉందా?

హెచ్-4, అంటే హెచ్-1బీ ఉద్యోగుల మీద ఆధారపడి వచ్చిన భార్యాభర్తలకు 2015 మే నుంచి ఈఏడీ ఇస్తున్నారు. అందరికీ కాదు. భర్తకో భార్యకో ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) ఆమోదమై ఉండాలి, లేదా వాళ్ల హెచ్-1బీ ఆరేళ్లు దాటి పొడిగింపులో ఉండాలి. కార్డు చేతికొచ్చాక ఏ పనైనా, ఎంతమందికైనా, సొంతంగా చేసుకోవచ్చు. రాకముందు మాత్రం డబ్బు తీసుకుని ఏదీ చేయకూడదు. "క్లయింటు హైదరాబాద్‌లో ఉన్నాడు, డబ్బు అక్కడి బ్యాంకులోనే పడుతుంది, అమెరికాకేం పని?" అనే మాట ప్రతి కిట్టీ పార్టీలోనూ వినిపిస్తుంది. చూసేది మీరు ఎక్కడ కూర్చుని పని చేశారన్నది. డల్లాస్ దగ్గరి ఫ్రిస్కోలో కూర్చుని ఎడిట్ చేస్తే అమెరికాలో పని చేసినట్టే. ఒక రెస్టారెంటుకు ఊరికే ఫ్లయర్ చేసిచ్చినా చిక్కే, ఎందుకంటే మామూలుగా డబ్బిచ్చి చేయించుకునే పని అది. గుడిలో, తెలుగు సంఘంలో ఎవరికీ జీతం లేని సేవ చేయడం వేరు.

మిగతా వీసాల సంగతి క్లుప్తంగా. కంపెనీ బదిలీ మీద వచ్చినవాళ్ల ఎల్-2 భార్యాభర్తలకు ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి రికార్డు) మీద ఎల్-2ఎస్ అని ఉంటే విడిగా ఈఏడీ అక్కర్లేదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు స్పాన్సర్ కంపెనీ పని తప్ప వారాంతపు ఫొటోలు కూడా తీయకూడదు. ఎఫ్-1 విద్యార్థులకు చదువయ్యాక వచ్చే 12 నెలల పని అనుమతి ఓపీటీలో సొంత పని కుదురుతుంది, కానీ చదివిన సబ్జెక్టుకు సంబంధించినదై ఉండాలి, వారానికి కనీసం 20 గంటలు చేయాలి. కంప్యూటర్ సైన్స్ చదివి పెళ్లి ఫొటోలు తీస్తానంటే చెల్లదు. సైన్సు, ఇంజినీరింగ్ లాంటి చదువులకు తర్వాత వచ్చే 24 నెలల స్టెమ్ ఓపీటీలో ఈ-వెరిఫై (ఉద్యోగి పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉన్న యజమాని, శిక్షణ ప్రణాళిక తప్పనిసరి, కాబట్టి అక్కడ ఫ్రీలాన్స్‌కు దారి లేదు.

కార్డున్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది గడువు దగ్గర. ఇదివరకు రెన్యువల్‌కు పెట్టుకుంటే 540 రోజుల దాకా దానంతటదే పొడిగింపు దొరికేది. 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టే దరఖాస్తులకు దాన్ని తీసేశారు. ఇప్పుడు 180 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, మొదటి వారంలోనే పెట్టేయండి. కొత్త కార్డు రాకుండా పాతది ముగిస్తే మర్నాడే పని ఆగాలి. ఆల్బంలో నాలుగు ఫొటోలు సరిచేసి పంపడం కూడా పనే. ఏప్రిల్‌లో గడువు ముగిసే కార్డుతో జూన్ ఫంక్షన్‌కు అడ్వాన్స్ పట్టేస్తే, ఆ కుటుంబం ముందు తలదించుకోవాల్సి వస్తుంది. ఒప్పందంలో ఒక వాక్యం రాయండి: "పని అనుమతి కారణంగా నేను రాలేకపోతే అడ్వాన్స్ మొత్తం వాపసు." ఆ అడ్వాన్స్ ఆ రోజు దాకా ఖర్చు పెట్టకండి.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఒకటే పట్టుకోమనేవాళ్లు అమెరికా తెలుగు క్యాలెండర్ చూడనివాళ్లు. ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, కూచిపూడి రంగప్రవేశాలు పిల్లల సెలవుల్లోనే ముసురుకుంటాయి, మే నుంచి ఆగస్టు దాకా. మధ్యలో ఆషాఢం ఒకటి, మూఢం వచ్చిన ఏడాది అదొకటి. నవంబర్ నుంచి మార్చి దాకా ఫొటోలు తప్ప వేరే పని లేనివాళ్లు ఖాళీగా కూర్చుంటారు. సబ్‌టైటిళ్లకూ వాయిస్‌కూ ముహూర్తాలతో పని లేదు, పనిదినాల్లో పిల్లలు బడికి వెళ్లాక చేసుకోవచ్చు. కాబట్టి పనులు రెండు రకాలుగా కలపండి. ఒకటి, ఒకే ఇంటికి ఒకదాని వెంట ఒకటి అమ్ముడుపోయేవి: శుభలేఖ, ఫొటో, స్లైడ్‌షో. రెండు, ఒకటి ఆగినప్పుడు ఇంకోటి నడిచేవి. ఈ రెంటిలో దేనికీ పనికిరాని విద్య ఎంత ఇష్టమైనా సరదాకు ఉంచుకోండి.

లెక్క చూడండి. ఓణీల ఫంక్షన్‌కు 900 డాలర్లు అడిగారనుకుందాం. షూట్ 6 గంటలు, రానుపోను 2, ఫొటోలు ఏరడానికి 3, ఎడిటింగ్ 11. మొత్తం 22 గంటలు. గ్యాస్, ఆన్‌లైన్ గ్యాలరీ, ఇన్సూరెన్స్ వాటా కలిపి 100 పోతే గంటకు 36 డాలర్లు, పన్నుకు 30 శాతం తీస్తే 25 చిల్లర. అదే ఇంటికి వాట్సాప్ శుభలేఖ, చిన్నప్పటి ఫొటోల స్లైడ్‌షో 250కి చేస్తే 4 గంటల పని, ఎందుకంటే పేర్లు, ఫొటోలు, ఇంటివాళ్ల అభిరుచి అన్నీ అప్పటికే మీకు తెలుసు. గంటకు 60 పైనే. లాభం ఈ రెండో బిల్లులోనే ఉంటుంది. ధర మాత్రం రెండు వరుసల్లో విడివిడిగా రాయండి. కలిపి ఒకే మొత్తం చెప్తే "శుభలేఖ ఊరికే వస్తుందిగా" అని పక్కింటివాళ్లకు చెప్పేస్తారు.

ఒక్కో పనిలో ఇక్కడ తేడా కొట్టేవి కొన్ని చెప్తాం.

శుభలేఖల్లో గండం తెలుగు అక్షరాలే. మన ఊళ్లో డీటీపీ షాపులు వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. యూనికోడ్‌లోనే చేయండి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సూరన్న లాంటివి ఓపెన్ లైసెన్స్‌తో ఉన్నాయి, డబ్బు తీసుకునే పనికీ వాడుకోవచ్చు. అడోబీ ఇన్‌డిజైన్‌లో పేరాకు వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. "స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న" అని మూడు మాటలు కొట్టి చూడండి. ఈ మూడూ సరిగ్గా పడితే మిగతావి పడతాయి. ప్రింటుకు పంపేముందు అక్షరాలను అవుట్‌లైన్స్‌గా మార్చి, మార్చక ముందరి కాపీ ఒకటి దాచుకోండి, ముహూర్తం సమయం మారిందని రాత్రి పదింటికి ఫోన్ వస్తుంది కనుక. ఇక్కడ కార్డు 5 x 7 అంగుళాలు, చుట్టూ 0.125 అంగుళం బ్లీడ్ (కత్తిరింపులో పోయే అంచు), 300 డీపీఐ. ఏ4 అలవాటు మీద చేస్తే లెటర్ కాగితంలో కింది వరుస తెగిపోతుంది. ఆ కింది వరుసలోనే సాధారణంగా "బంధుమిత్రుల అభినందనలతో" ఉంటుంది.

సబ్‌టైటిళ్లలో భాష బాగా వచ్చినవాళ్లు కూడా కొలతల దగ్గర తిరస్కరణకు గురవుతారు. ఇంగ్లీషుకు వరుసకు 42 అక్షరాలు, రెండే వరుసలు, ఒక్కోటి తెర మీద 7 సెకన్లకు మించకూడదు అన్నది బాగా వాడుకలో ఉన్న కొలత. "ఏమండీ", "ఒరేయ్", "వదినా" లాంటి పిలుపులను ప్రతిసారీ అనువదించబోతే చోటు చాలదు, మొదటిసారి బంధుత్వం తెలిసేలా చేసి తర్వాత వదిలేయండి. ఇంకో చిక్కు ఫ్రేమ్‌రేటు, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది. క్లయింటు 24 అన్నాడని 24కే చేస్తారు, వీడియో 23.976 అయి ఉంటుంది. మొదటి ఐదు నిమిషాల్లో తేడా తెలియదు. గంట గడిచేసరికి 3.6 సెకన్లు జారుతుంది, డైలాగుకూ సబ్‌టైటిల్‌కూ పొంతన ఉండదు. మొదలుపెట్టే ముందే ఫైలు వివరాలు మీరే తెరిచి చూసుకోండి.

వాయిస్‌కు స్టూడియో అక్కర్లేదు. పట్టుచీరలు, కోట్లు వేలాడే క్లోజెట్ చాలు, బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయి. ఫ్రిజ్, ఏసీ ఆపి పది సెకన్ల నిశ్శబ్దం రికార్డ్ చేసి చూడండి. ఆడియోబుక్కులకు ఏసీఎక్స్ అనే వేదిక అడిగేది నేపథ్య శబ్దం -60 డెసిబెళ్ల కింద, సగటు స్థాయి -23కీ -18కీ మధ్య, గరిష్ఠం -3 దాటకుండా. ఒప్పందంలో మీ గొంతు ఏ వీడియోకు, ఎన్నాళ్లకు అన్నది రాయించుకుని, కృత్రిమ గొంతు తయారీకి వాడకూడదని ఒక వాక్యం చేర్చండి. అది లేకపోతే ఒక ప్రకటనకు ఇచ్చిన గొంతు వంద ప్రకటనల్లో వినపడొచ్చు.

ఫొటోల విషయంలో తీసే విద్య కంటే కాగితాలే ఎక్కువ. బాంక్వెట్ హాళ్లు చాలావరకు ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ అడుగుతాయి, 10 లక్షల డాలర్ల లయబిలిటీ అనేది తరచూ వినే అంకె. ఫంక్షన్ రోజు పొద్దున అడిగితే దొరకదు. డ్రోన్‌తో డబ్బు సంపాదించాలంటే విమానయాన శాఖ ఎఫ్ఏఏ ఇచ్చే పార్ట్ 107 సర్టిఫికెట్ కావాలి. 60 ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్, ఫీజు 175 డాలర్లు. 250 గ్రాముల లోపు డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ అక్కర్లేదనే మాట సరదాగా ఎగరేసేవాళ్ల సంగతి, వ్యాపారానికి వర్తించదు. టెక్సాస్‌లో ఫొటోగ్రఫీకి సేల్స్ ట్యాక్స్ ఉంది, ఊరిని బట్టి మొత్తం 8.25 శాతం దాకా, తీసినందుకు అడిగే ఫీజు మీద కూడా. దాన్ని వసూలు చేసే పర్మిట్‌కు రుసుము లేదు. వసూలు చేయకపోతే తర్వాత మీ జేబులోంచి కట్టాలి.

ఆదాయపు పన్ను ఇలా. మీ నాలుగు పనుల ఆదాయమూ ఖర్చులు పోను షెడ్యూల్ సి (సొంత వ్యాపారం లెక్క చూపే పన్ను ఫారం) కింద లెక్క తేలుతుంది. పనులు ఒకదానికొకటి పొత్తులేనివైతే విడివిడి షెడ్యూళ్లు నింపాలి. నికరం 400 డాలర్లు చేరితే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్: నికరంలో 92.35 శాతం మీద 15.3 శాతం. అంటే 10,000 మిగిలితే 1,413. దానికి తోడు మీ ఇంటి శ్లాబును బట్టి మామూలు పన్ను. భర్త జీతం 22 శాతం శ్లాబులో ఉంటే రెండూ కలిపి సుమారు 30 శాతం పక్కన పెట్టండి. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, న్యూజెర్సీ, కాలిఫోర్నియా వాళ్లు ఇంకాస్త కలుపుకోవాలి.

ఈ పన్ను ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, జనవరి 15న నాలుగు వాయిదాల్లో కట్టమంటారు. చాలా ఇళ్లలో దీనికంటే తేలికైన దారి ఉంది: భర్త ఆఫీసులో డబ్ల్యూ-4 (జీతంలో పన్ను ఎంత కోయాలో చెప్పే ఫారం) మార్చి ప్రతి జీతంలో కొంత అదనంగా కోయించుకోవడం. జీతంలో కోసినది ఏడాది పొడవునా సమానంగా కట్టినట్టే లెక్క, కాబట్టి అక్టోబర్‌లో మేల్కొన్నా జరిమానా తప్పించుకోవచ్చు.

క్లయింటు చెల్లింపు చూపిస్తూ ఇచ్చే 1099 ఫారం రాలేదు కదా, బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపే జెల్‌లో వచ్చింది కదా అని ఆదాయం చూపించకపోవడం తెలుగువాళ్లలో పాత జబ్బు. 2026 చెల్లింపుల నుంచి 1099-ఎన్ఈసీ పరిమితి 600 నుంచి 2,000 డాలర్లకు పెరిగింది, ఆ కాగితం ఇవ్వాల్సిన బాధ్యత మాత్రమే మారింది, మీ పన్ను మారలేదు. పైగా గ్రీన్‌కార్డు దశలో పన్ను రిటర్నులు అడగొచ్చు. కారు మైళ్లు రాసుకోండి, 2025లో మైలుకు 70 సెంట్లు ఖర్చుగా చూపించుకునే వీలుండేది. ప్లేనో నుంచి ఇర్వింగ్ వెళ్లి వస్తే అదే చిన్న మొత్తం కాదు.

మొదటి రోజే ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టాలా అని అడుగుతారు. ఒక్కరే యజమాని అయితే పన్నులో తేడా ఏమీ ఉండదు. టెక్సాస్‌లో పెట్టడానికి 300 డాలర్లు, కాలిఫోర్నియాలో ఏటా కనీసం 800. ముందు కౌంటీ క్లర్క్ దగ్గర వ్యాపారం పేరు నమోదు చేయించుకుని, విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవండి. ఈఐఎన్ అనే వ్యాపార పన్ను నంబరును పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఉచితంగానే ఇస్తుంది, దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్లు మధ్యవర్తులవి. క్లయింటు డబ్ల్యూ-9 (మీ పన్ను నంబరు రాసిచ్చే ఫారం) అడిగితే అందులో సోషల్ సెక్యూరిటీ నంబరు బదులు ఇది రాయొచ్చు, నలుగురు అపరిచితుల ఈమెయిల్ పెట్టెల్లో మీ ఎస్ఎస్ఎన్ తిరగదు.

పనులు చూపించడానికి ఒకే పేజీలో నాలుగూ కుక్కకండి. ఫంక్షన్ వాళ్లకు ఒక లింకు: ఒకే వేడుక శుభలేఖ నుంచి ఆల్బం దాకా. భాషా పనికి ఇంకో లింకు: రెండు నిమిషాల సబ్‌టైటిల్ వీడియో, ముప్పై సెకన్ల గొంతు మూడు రకాలు. ఓణీల ఫంక్షన్ అమ్మకు ఫ్రేమ్‌రేటు అక్కర్లేదు, సబ్‌టైటిల్ కంపెనీకి మీ పట్టుచీర ఫొటోలు అక్కర్లేదు.