గతుకు దెబ్బ నడుముకే తగులుతోందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. సెకండ్‌హ్యాండ్‌లో స్కోడా ఆక్టేవియా 1.8 పెట్రోలు కొన్నాను. అంతకుముందు వాడినాయన బండి స్పోర్టీగా కనిపించాలని 18 అంగుళాల అల్లాయ్‌లు, 225/40 టైర్లు, బండిని కిందికి దించే పొట్టి స్ప్రింగులు వేయించాడు. రోజూ పాతపట్నం మీదుగా టెక్కలి వెళ్లి రావాలి. చిన్న గతుకైనా నడుముకు తగులుతోంది. అమ్మ వెనక సీట్లో కూర్చోలేనంటోంది. ముందు దేని మీద డబ్బు పెట్టాలి?

జవాబు: డబ్బు తీసే ముందు రెండు పరీక్షలు చేయండి. రెంటికీ పెద్దగా ఖర్చు లేదు.

మొదటిది గాలి. తెల్లారి బండి కదలకముందు సొంత గేజ్‌తో నాలుగు చక్రాలూ చూడండి. ఎంత ఉండాలో తలుపు దగ్గరో, పెట్రోలు మూత లోపలో అంటించిన స్టిక్కరు చెబుతుంది. ఇద్దరు ముగ్గురు ఎక్కితే ఒక లెక్క, ఐదుగురూ సామానూ ఉంటే ఇంకో లెక్క. చాలాచోట్ల అడగకుండానే 35, 36 పాయింట్లు (పీఎస్‌ఐ) కొట్టేస్తారు. స్టిక్కరు చెప్పిన దానికన్నా నాలుగు పాయింట్లు ఎక్కువున్నా పలుచటి టైరులో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

రెండోది కేబుల్ టై పరీక్ష. షాకబ్జర్ రాడ్డు మీది రబ్బరు తొడుగు పైకి జరిపి, రాడ్డు చుట్టూ సన్నటి ప్లాస్టిక్ కేబుల్ టై కట్టండి. వేలితో తోస్తే జరిగేంత బిగువు చాలు. దాన్ని షాకబ్జర్ గొట్టం అంచుకు ఆనించి, రోజూ తిరిగే దారిలో ఒకసారి వెళ్లి రండి. గొట్టం పైకొచ్చినప్పుడల్లా టైని తోసుకుంటూ పోతుంది, ఎంతవరకు వచ్చిందో అక్కడ వదిలేస్తుంది. టై వెళ్లి బంప్ స్టాపర్‌కు (రాడ్డు పైకొసన ఉండే రబ్బరు ముక్కకు) ఆనుకుని ఉంటే మీ జబ్బు దొరికినట్టే. స్ప్రింగు కదిలే చోటు అయిపోయి, బండి ఆ రబ్బరు ముక్క మీద పడుతోంది. బండి 30 మిల్లీమీటర్లు దిగితే పైకి కదలడానికున్న జాగాలో అచ్చంగా 30 మిల్లీమీటర్లు పోయినట్టే కదా. అమ్మ నడుముకు తగులుతున్నది ఆ దెబ్బే. కొందరు మెకానిక్‌లు స్టాపర్‌ను సగానికి కోసేద్దామంటారు. ఒప్పుకోకండి. అప్పుడు షాకబ్జర్ లోపలి భాగాలే ఒకదానికొకటి గుద్దుకుని, కొన్నాళ్లకు ఆయిలు కారుతుంది.

టై స్టాపర్ దాకా వెళ్లినట్టు తేలితే మొదటి ఖర్చు కంపెనీ స్ప్రింగుల మీదే పెట్టండి. స్ప్రింగు మీది రంగు చుక్కలు ఆ బండి బరువును చెప్పే గుర్తులు, కాబట్టి ఛాసిస్ నంబరు ఇచ్చి పార్టు నంబరు తీయించండి. 1.4 ఆక్టేవియా వెనక స్ప్రింగులు చవగ్గా దొరికినా వద్దు. దానికి వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం), మీ 1.8కి మల్టీలింక్ (ఒక్కో చక్రానికి విడివిడిగా కొన్ని కడ్డీలు). తుప్పు, పగులు లేకపోతే, ముఖ్యంగా కింది చుట్టు కొస విరగకపోతే, వాడిన స్ప్రింగులైనా ఫరవాలేదు. షాకబ్జర్లు మాత్రం కొత్తవి, జతగా వేయండి. పొట్టి స్ప్రింగు కింద ఏళ్లపాటు పనిచేసినవాటిని నమ్మలేం. బంప్ స్టాపర్లు, దుమ్ము తొడుగులు, ముందువైపు స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జర్ కలిసిన భాగం) మౌంటింగులు, వాటి బేరింగులు కూడా అప్పుడే మార్చండి. లేకపోతే అదే విప్పుడు కూలి ఇంకోసారి ఇవ్వాల్సొస్తుంది.

ఇక అసలు సంగతి, పని ఎక్కువగా చెడేది ఇక్కడే. బండి లిఫ్ట్ మీద, చక్రాలు వేలాడుతుండగా ఆర్మ్‌ల (చక్రాన్ని బండికి కలిపే కడ్డీల) బుష్ బోల్టులు బిగించేస్తారు. ఆ బుష్‌లో రబ్బరు లోపలి ఇనప గొట్టానికి అతుక్కుని ఉంటుంది. వేలాడే భంగిమలో బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలి తిరిగి అలాగే ఉండిపోతుంది. అది అదనపు స్ప్రింగులా ఎదురు తన్నుతుంది, త్వరగా చిరుగుతుంది కూడా. కొత్త స్ప్రింగులు వేసినా గట్టిదనం పోలేదని వాపోయేవాళ్లలో చాలామందికి కారణం ఇదే. మీ బండికి పొట్టి స్ప్రింగులు వేసిన రోజున ఆ బోల్టులు వదులు చేశారో లేదో ఎవరికి తెలుసు! అందుకని ఇలా చేయించండి. స్ప్రింగులు ఎక్కించాక బోల్టులు వదులుగా ఉంచి బండిని నేలకు దించి, నాలుగైదుసార్లు నొక్కి వదలాలి. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవాలి. మళ్లీ ఎత్తి, హబ్ కింద జాకీ పెట్టి అదే కొలత వచ్చేదాకా లేపి, అప్పుడు టార్క్ రెంచితో బిగించాలి. మాన్యువల్ ఒక్కసారికే అన్న బోల్టులు కొత్తవి వేయాలి. ఆ తర్వాత వీల్ ఎలైన్‌మెంట్, హెడ్‌లైట్ల ఎత్తు.

స్ప్రింగు కంప్రెసర్ సరిగా లేని షాపులో స్ట్రట్ విప్పనివ్వకండి. నొక్కిన స్ప్రింగు జారితే ప్రాణం మీదికొస్తుంది.

చక్రాలది తర్వాతి వంతు. 225/40 ఆర్18లో టైరు గోడ ఎత్తు 90 మిల్లీమీటర్లే. 225/45 ఆర్17లో 101, 205/55 ఆర్16లో దాదాపు 113. మొత్తం వ్యాసం మాత్రం 637, 634, 632. తేడా ఒక శాతం లోపే, కాబట్టి స్పీడోమీటరు తప్పు చూపదు. మీ దారికి నేనైతే 16 అంగుళాలే ఎంచుకుంటాను. గోడలో పెరిగిన ఆ 23 మిల్లీమీటర్ల గాలి మెత్త ఏ ఖరీదైన షాకబ్జరూ ఇవ్వలేదు. లోడ్ ఇండెక్స్ 91కి, అంటే టైరుకు 615 కిలోలకు, తగ్గకూడదు. పాత యజమాని పెద్ద బ్రేకులు కూడా వేయించి ఉంటే 16 రిమ్ము కాలిపర్‌కు తగలొచ్చు. కొనేముందు ఒకటి తొడిగి చేత్తో తిప్పి చూడండి. ఐదు బోల్టులు 112 మిల్లీమీటర్ల వలయంలో, మధ్య రంధ్రం 57.1 మిల్లీమీటర్లు ఉండాలి. బోల్టు తల మరిచిపోకండి. కంపెనీ రిమ్ముకు గుండ్రటి తల, బయటి అల్లాయ్‌లలో చాలావాటికి కోను తల. ఇవి తారుమారైతే బోల్టు పూర్తిగా ఆనదు, నడుస్తుండగా వదులవుతుంది. 120 న్యూటన్ మీటర్లకు బిగించి, వంద కిలోమీటర్లలోపు మళ్లీ చూడండి.

ప్రశ్న: జయపురం నుంచి తరచూ సుంకి ఘాటు దిగి సాలూరు వెళ్తాను. కుదుపు తగ్గడానికి స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెట్టమంటున్నారు. మెత్తగా చేస్తే మలుపుల్లో బండి పక్కకు ఒరుగుతుందన్న భయమూ ఉంది.

జవాబు: బఫర్లు వద్దు. అవి ఆ చుట్టును కదలనివ్వవు. కదిలే చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది. నేలకూ బండికీ మధ్య ఎత్తు కాస్త పెరగడం చూసి మెత్తబడిందనుకుంటారు, జరిగేది తలకిందులు. ఘాటు విషయానికొస్తే, ఒరగకుండా ఆపడంలో పెద్ద వంతు యాంటీరోల్ బార్‌ది, అంటే ఎడమ, కుడి చక్రాలను కలిపే ఇనప కడ్డీది. దాన్ని ముట్టుకోకుండా కంపెనీ స్ప్రింగులు, మంచి షాకబ్జర్లు వేస్తే ఒరుగు కొంచెం పెరిగినా చక్రం రోడ్డును వదలదు. గతుకులున్న మలుపులో గట్టి బండి చక్రాలే ఎగిరి పట్టు తప్పుతాయి. బార్ లింకు విప్పేస్తే మెత్తబడుతుందనే సలహా ఎవరిచ్చినా ఘాటు రోడ్డుకు అది ప్రమాదం.

ప్రశ్న: బరంపురం. 40 ప్రొఫైల్ టైర్లలో గాలి 26కి తగ్గించి తిరగొచ్చా?

జవాబు: వద్దు. గోడ పొట్టిది కాబట్టి గుంతలో రిమ్ము అంచు టైరును నలిపేస్తుంది. లోపలి దారాలు తెగి పక్కన బొడిపె లేస్తుంది. దానికి రిపేరు లేదు, టైరు మార్చాల్సిందే. వేసవిలో ఇచ్ఛాపురం వైపు హైవే ఎక్కితే, గాలి తగ్గిన గోడ మడత పడీ పడీ వేడెక్కి పగలొచ్చు కూడా. దూరం వెళ్లొచ్చాక గేజ్ మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపితే అది వేడివల్ల, అప్పుడు గాలి వదలకండి.