అగ్నిపర్వతం వేడెక్కి పేలదు

ప్రశ్న: సార్, హవాయిలో కిలావుయా అగ్నిపర్వతం లావాను ఫౌంటెన్‌లా ఎగజిమ్మే వీడియో మా అబ్బాయి చూపించాడు. లోపల వేడి ఎక్కువైపోయి అలా పేలుతుందని చెప్పాను. "మరి కొన్నిసార్లు ఊరికే ఏరులా పారుతుందేంటమ్మా?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు.
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: మీవాడు అసలైన చోటే పట్టుకున్నాడమ్మా. తిరుపతిలో ముప్ఫై ఏళ్లు జియాలజీ చెప్పాను. వేడెక్కి పేలుతుందన్న మాట ప్రతి ఏడాదీ కొత్త బ్యాచ్‌తో పాటే క్లాసులోకి వచ్చేది. పెరిగేది వేడి కాదు. తగ్గేది ఒత్తిడి.

భూమి లోపల, హవాయి అడుగున, పై పెంకు కింద ఉండే మందపాటి పొర మాంటిల్‌లో రాయి భగభగలాడే వేడిలో ఉన్నా గట్టిగానే ఉంటుంది. పైనున్న బరువు దాన్ని కరగనివ్వదు. ఆ రాయి మెల్లమెల్లగా పైకి జరిగేకొద్దీ బరువు తగ్గి, అందులో కొంత కరుగుతుంది. అదే బసాల్ట్ మాగ్మా, అంటే గడ్డకడితే బసాల్ట్ అనే నల్లరాయి అయ్యే కరిగిన రాయి. బయటికొస్తే దాన్నే లావా అంటాం. చుట్టూ ఉన్న రాయి కంటే తేలిక కాబట్టి పగుళ్లు వెదుక్కుంటూ పైకి వస్తుంది.

ఇక గ్యాస్ సంగతి. గోలీ సోడా తాగారు కదా? గోలీని నొక్కేదాకా సీసాలో ఒక్క బుడగ కనబడదు. నొక్కగానే బుస్సుమంటుంది. ఆ సోడాను ఎవరూ పొయ్యి మీద పెట్టలేదు! మాగ్మాలోనూ కార్బన్ డయాక్సైడ్, నీరు, గంధకం కరిగి ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ చాలా లోతులోనే విడిపోవడం మొదలుపెడుతుంది. నీరు మాత్రం పైకి బాగా దగ్గరయ్యేదాకా కరిగే ఉంటుంది. కిలావుయా మాగ్మాలో కిలోకి సుమారు 5 గ్రాముల నీరు ఉంటుంది, అంటే ఒక టీస్పూను. కిలో మాగ్మా అర లీటరు కూడా ఉండదు. ఆ టీస్పూను నీరు 1,150 డిగ్రీల దగ్గర బయటి గాలి ఒత్తిడికి ఆవిరైతే 30 లీటర్లు దాటుతుంది. అంత ఆవిరి సన్నటి దారిలోంచి బయటపడాలి కాబట్టి లావాను చీల్చుకుని ఎగజిమ్ముతుంది. 1959లో కిలావుయా మీదే ఉన్న కిలావుయా ఇకీ అనే బిలం దగ్గర లావా 580 మీటర్లు లేచింది. అలిపిరిలో నిలబడి కొండను తలెత్తి చూడండి, దానికి కాస్త తక్కువ.

మరి ఊరికే పారడం? మాగ్మా నింపాదిగా వస్తే, లేదా పైన కొన్నాళ్లు ఆగితే, బుడగలు ముందే తప్పించుకుని పోతాయి. గ్యాస్ పోయిన సోడాలా లావా నెమ్మదిగా పొర్లుతుంది. వేగంగా వస్తే బుడగలకు జారుకునే టైమ్ ఉండదు, లావాతో పాటే దూసుకొస్తాయి.

అసలు తప్పించుకోగలగడం కూడా బసాల్ట్ పలచన కాబట్టే. చిత్తూరు దగ్గర మా తాతగారికి బెల్లం గానుగ ఉండేది. చెరకు రసం కొత్తగా మరిగేటప్పుడు బుడగలు లేచినవి లేచినట్టే చిట్లేవి. పాకం ముదిరాక అలా కాదు. బుడగ పైకి రాలేక ఉబ్బి ఉబ్బి, బుడుక్కున పగిలి పాకాన్ని పెనం బయటికి చిమ్మేది. అలా పడిన చుక్క మచ్చ నా ముంజేతి మీద ఇప్పటికీ ఉంది. పెనంలో బుడగ పుట్టేది మంట వల్ల, అక్కడ పోలిక కుదరదు. కానీ చిక్కదనం చేసే పని మాత్రం అదే. 1991లో ఫిలిప్పీన్స్‌లో పేలిన పినాటుబో మాగ్మా ముదురు పాకం లాంటిది. అందుకే అది ఏరులా పారలేదు, బూడిదై ఆకాశానికి లేచింది.

మీ అబ్బాయికి మాగ్మా దారి చూపించాలంటే హవాయి దాకా అక్కర్లేదు. మీ వంటగట్టు మీద నల్ల గ్రానైట్ ఉందా? మన చిత్తూరు, కుప్పం వైపు తవ్వే నల్లరాయి నిజానికి గ్రానైట్ కాదు, డోలరైట్. దాదాపు 200 కోట్ల ఏళ్ల కిందట, కొన్ని చోట్ల ఇంకా ముందే, గ్రానైట్ పగుళ్లలోకి ఎక్కి అక్కడే గడ్డకట్టిన బసాల్ట్ మాగ్మా. టార్చ్ వాలుగా పట్టి భూతద్దంతో చూడమనండి. నలుపు మధ్యలో బూడిదరంగు సన్నటి పుల్లల్లాంటి స్ఫటికాలు అడ్డదిడ్డంగా కనిపిస్తాయి. క్వారీలో ఆ రాయి గ్రానైట్‌ను తాకే అంచు దగ్గరైతే ఆ పుల్లలు కంటికి ఆనవు. చల్లటి గోడ తగిలి, స్ఫటికం పెరిగే లోపే గట్టిపడిపోయిందన్నమాట. ఎన్నిసార్లు చూసినా ఆ అంచు మీద చెయ్యి పెట్టకుండా రాలేను.

ప్రశ్న: తిరుమల శిలాతోరణం లావా రాయేనా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: కాదండీ. అది క్వార్ట్‌జైట్. నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి అయిన రాయి. గాలీ నీరూ దాన్ని తోరణంగా తొలిచాయి. మన రాష్ట్రంలో లావా పారిన చోటు చూడాలంటే రాజమండ్రి దగ్గర కాతేరు, గౌరీపట్నం వైపు వెళ్లండి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి బసాల్ట్ అది. ముక్క చేతికి దొరికితే చిన్న చిన్న గుంటల కోసం వెతకండి. పైకి తేలేలోపే లావా గడ్డకట్టడంతో చిక్కుకుపోయిన బుడగల గూళ్లవి. కొన్నిటిలో తర్వాత తెల్లటి ఖనిజాలు చేరి నిండిపోయి ఉంటాయి.